కాలు తట్టుకునే చోట బోర్డు: ఏది పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో జూన్, జూలై నెలల్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. లోపల రాత్రీ పగలూ షిఫ్టులు నడుస్తాయి. పర్మనెంట్ సిబ్బందితో పాటు సీజన్ పనికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వస్తారు. ఇలాంటి చోట గోడ మీద పసుపు త్రికోణం బోర్డు ఉంటుంది. దానికి నాలుగడుగుల దూరంలో నీళ్ల పైపు దారికి అడ్డంగా పడి ఉంటుంది. క్రేటు మోసుకొస్తున్న మనిషి ఆ పైపుకే కాలు తట్టుకుని ముందుకు తూలుతుంది. బోర్డు కంటి ఎత్తులో పక్కగోడ మీద ఉంది, పైపు పాదాల దగ్గర ఉంది, ఆ మనిషి చూపు మాత్రం చేతిలోని క్రేటు మీదా, ఎదురుగా వచ్చే ట్రాలీ మీదా ఉంది.

హెచ్చరిక బోర్డుల గురించి ఎక్కడ మాట్లాడినా ఏ సైజు కొనాలి, ఏ రంగు ఉండాలి అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. అవి తెలియాల్సిందే. అయితే కాలు తట్టుకునే ప్రమాదం విషయంలో బోర్డు పనికొచ్చిందా లేదా అన్నది కొన్న రోజున తేలదు. ఎక్కడ బిగించారు, ఎప్పుడు తీశారు అన్న దగ్గర తేలుతుంది. బోర్డు పెట్టామంటే, ఇక్కడ బాగుచేయాల్సింది ఒకటి ఇంకా మిగిలి ఉందని అందరికీ కనపడేలా ఒప్పుకున్నట్టే. అలా చూసినప్పుడే ఏ బోర్డు, ఏ చోట, ఎన్నాళ్లు అన్నవాటికి సరైన జవాబు దొరుకుతుంది.

ముందు పడటంలోని తేడా చెప్పుకోవాలి. జారినప్పుడు కాలు ముందుకు పోతుంది, మనిషి ఎక్కువగా వెనక్కి పడతాడు. నడుముకు, తుంటికి, తల వెనక భాగానికి దెబ్బ తగులుతుంది. తట్టుకున్నప్పుడు పాదం ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. చేతులు చాచి నేలను ఆపబోతే మణికట్టు విరుగుతుంది, చేతుల్లో బరువుంటే మోకాళ్లు, ముఖం నేలకు కొట్టుకుంటాయి. కారణాలు వేరు కాబట్టి చికిత్స కూడా వేరు. జారుడుకు తడి తుడవాలి, నేల గరుకు పెంచాలి. తట్టుడుకు అడ్డంకిని తీయాలి, లేదా అది ఉందని ముందే తెలియజేయాలి. మన దగ్గర మాత్రం అన్నిటికీ ఒకటే బోర్డు వాడేస్తున్నారు. నేల తుడిచేటప్పుడు పెట్టే పసుపు ప్లాస్టిక్ స్టాండు, మనిషి జారుతున్న బొమ్మతో, లేచిపోయిన టైల్ పక్కన కూడా అదే నిలబడి ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు నేల తడిగా ఉందేమోనని చూస్తారు. పొడిగా కనిపిస్తే ధైర్యంగా అడుగేస్తారు. ఆ అడుగే టైల్ అంచుకు తగులుతుంది.

మనిషి ఎందుకు తట్టుకుంటాడో తెలిస్తే బోర్డు ఎక్కడ కావాలో సగం తెలిసినట్టే. నడిచేటప్పుడు పాదాన్ని మనం అనుకున్నంత ఎత్తు లేపం. వెనక కాలు ముందుకు ఊగివచ్చే మధ్య దశలో కాలి వేళ్లకూ నేలకూ మధ్య ఉండే ఖాళీ సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లే. పాదం బాగా వేగంగా కదిలేది కూడా దాదాపు ఆ క్షణంలోనే. అడుగెత్తు పెట్టె దారిలో ఉంటే ఎవరికైనా కనపడుతుంది, చుట్టూ తిరిగి పోతారు. అరంగుళం లేచిన నాపరాయి, నేలకు అంటుకున్నట్టుండే కేబుల్, షట్టర్ కింద ఇనుప చానల్, మురుగు కాలువ మీద ఒక మూల పైకి లేచిన గ్రేటింగ్, ఇవే పడగొట్టేవి. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల ప్రమాణాలు నేల ఎత్తులో తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు దాటితే అంచును వాలుగా చెయ్యాలంటాయి. అరంగుళం దాటితే ర్యాంప్ కట్టమంటాయి. అవి అక్కడి నిబంధనలే అయినా పాదం లెక్క ఎక్కడైనా ఒకటే కాబట్టి, టేపు పట్టుకుని మన షెడ్డులో తిరిగినప్పుడు ఆ రెండు అంకెలూ గుర్తుంచుకోదగ్గవి.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. బ్రిటన్‌లో యాజమాన్యాలు ప్రభుత్వానికి తెలియజేసే, ప్రాణం పోని గాయాల్లో ఏటా మొదటి స్థానం జారడం, తట్టుకోవడం, ఉన్న నేల మీదే పడటం అన్న వర్గానిదే. మొత్తంలో సుమారు 30 శాతం. యంత్రాల్లో చేతులు పడటం కంటే ఇది ఎక్కువ. మన దగ్గర మణికట్టు విరిగిన కూలీ రెండు రోజులు ఇంట్లో ఉండి, కట్టు కట్టించుకుని, ఆ తర్వాత పనే మానేస్తే అది ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో కుడిచేయి ఆరు వారాలు కట్టులో ఉండటం అంటే ఏమిటో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

చట్టం కూడా బోర్డుతో మొదలుపెట్టలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ నేల, మెట్లు, నడిచే దారులు గట్టిగా కట్టి, సరిగా నిర్వహించి, అడ్డంకులు లేకుండా, జారే పదార్థాలు లేకుండా ఉంచాలంది. 33వ సెక్షన్ గుంతలు, సంపులు, నేలలోని ఖాళీలు ప్రమాదకరంగా ఉంటే గట్టిగా మూతలు వేయాలి లేదా కంచె కట్టాలంది. బోర్డు పెట్టి వదిలేస్తే చాలని ఎక్కడా అనలేదు. ఆ చట్టంతో పాటు మొత్తం 13 కేంద్ర చట్టాలను కలిపి 2020లో పార్లమెంటు వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను ఆమోదించింది. సెక్షన్ల అంకెలు మారినా పని చోటును ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదే.

కాబట్టి బోర్డు కొనే ముందు అడ్డంకినే తీసేయగలమా అని చూడాలి. కాయలు కడిగే చోట పైపు దారికి అడ్డంగా పడుతోందంటే నీళ్ల కొళాయి ఒక వైపే ఉందని అర్థం. రెండో వైపు ఇంకో కొళాయి పెడితే పైపు దారి దాటాల్సిన పనే ఉండదు. అదీ కుదరకపోతే రీలుకు చుట్టి తలపై నుంచి వేలాడదీయొచ్చు. లేచిన టైల్‌కు ఒక మేస్త్రీ, ఒక పూట పని. ఇలా తీసేయగలిగినవి తీసేశాక మిగిలేవి కొన్ని ఉంటాయి. కట్టడంలోనే ఉన్న ఒంటి మెట్టు, నేలకు బిగించిన పైపులైను, యంత్రం దిమ్మ అంచు, లోడింగ్ ప్లాట్‌ఫారం అంచు, కోల్డ్ రూమ్ తలుపు కింద గడప. నిజానికి బోర్డు అవసరం వీటికే. వీటితో పాటు, రేపు ఎల్లుండి బాగుచేయబోయే వాటికి అప్పటిదాకా.

ఇక ఎంపిక. హెచ్చరిక గుర్తుకు ఆకారం త్రికోణం, నేపథ్యం పసుపు, అంచు, బొమ్మ నలుపు. ఎర్ర గుండ్రం, అడ్డగీత ఉంటే వద్దు అని. నీలం గుండ్రం ఉంటే ఇది తప్పక చెయ్యాలి అని. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010లో నేల మీది అడ్డంకికి డబ్ల్యూ 007 అని గుర్తుంది, చిన్న దిమ్మెకు కాలు తగిలి ముందుకు తూలుతున్న మనిషి బొమ్మ. డబ్ల్యూ 008 అంచు నుంచి కిందికి పడే ప్రమాదానికి. డబ్ల్యూ 011 జారే నేలకు. మన దేశంలో భద్రతా రంగులు, గుర్తుల గురించి ఐఎస్ 9457 అనే ప్రమాణం ఉంది. దుకాణంలో ఈ మూడు బొమ్మలూ పక్కపక్కనే పెడితే తేడా తొందరగా పట్టుబడదు. మూడింటిలోనూ ఒక మనిషి పడుతుంటాడు. అడ్డంకికి తట్టుకుంటున్నాడా, అంచు మీంచి పోతున్నాడా, నేల మీద జారుతున్నాడా అని చూసి కొనాలి. లోడింగ్ ప్లాట్‌ఫారం అంచున అడ్డంకి గుర్తు అతికిస్తే చూసినవాడు కాలి కింద దిమ్మె కోసం వెతుకుతాడు. అక్కడ ఉన్నది నాలుగడుగుల లోతు.

సైజు విషయంలో పాతకాలం నుంచి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. బోర్డును ఎన్ని మీటర్ల నుంచి చూడాలో ఆ అంకెను అదే అంకెతో హెచ్చవేసి 2000తో భాగిస్తే, గుర్తుకు కనీసం ఎన్ని చదరపు మీటర్ల వైశాల్యం ఉండాలో వస్తుంది. 50 మీటర్ల లోపు దూరాలకు ఇది వర్తిస్తుంది. 10 మీటర్ల నుంచి కనపడాలంటే 0.05 చదరపు మీటర్లు, అంటే త్రికోణం భుజం 34 సెంటీమీటర్లు. 5 మీటర్లకైతే 17 సెంటీమీటర్లు చాలు. ఏ4 కాగితం సైజు స్టిక్కర్‌లో త్రికోణం భుజం 15 సెంటీమీటర్లు ఉందనుకుంటే, అది నాలుగు మీటర్లకు కాస్త పైదాకా పనిచేస్తుంది. అదీ వెలుతురు బాగుంటేనే. పొడవాటి గోడౌన్ చివర గోడకు ఏ4 స్టిక్కర్ అతికించి ఊరుకుంటే దాన్ని చదవగలిగేది దాని ముందు నిలబడ్డవాళ్లే.

బొమ్మ కింద మాట ఏముండాలి? ‘జాగ్రత్త’ అని ఒక్క మాట రాస్తే దేనికి జాగ్రత్తో తెలియదు. ‘ముందు మెట్టు దిగాలి’, ‘నేల మీద పైపు ఉంది’, ‘గడప ఎత్తుగా ఉంది’ అని రాస్తే కాలికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఎక్కాలా, దిగాలా, దాటాలా అన్నది మాటలో రావాలి. భాష ఇక్కడ నిజమైన సమస్య. చిత్తూరు, తిరుపతి జిల్లాలు తమిళనాడును ఆనుకుని ఉన్నాయి. శ్రీసిటీ పారిశ్రామిక వాడలోనూ, చిత్తూరు చుట్టుపక్కల యూనిట్లలోనూ సరిహద్దు అవతలి నుంచి వచ్చి పనిచేసేవాళ్లు ఉంటారు. కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు హిందీ కావాలి. అలాగని నాలుగు భాషల్లో నాలుగు వాక్యాలు కుక్కితే అక్షరాలు చీమల్లా మారి ఎవరికీ కనపడవు. బొమ్మ పెద్దదిగా, దాని కింద తెలుగులో ఒక చిన్న వాక్యం, అక్కడ ఎక్కువమంది మాట్లాడే రెండో భాషలో ఇంకొకటి, అంతవరకు చాలు. బొమ్మలకు అర్థం పనిలో చేరిన రోజునే నోటితో చెప్పాలి. చదవడం రాని వాళ్లకు అదే దారి.

సరుకు నాణ్యత చోటును బట్టి మారుతుంది. గుజ్జు ఫ్యాక్టరీలో నేలను వేడి నీళ్లతో, సోడా కలిపిన నీళ్లతో తరచూ కడుగుతారు. అక్కడ నేల మీద అతికించే టేపు నాలుగు రోజుల్లో అంచులు లేచి, దానికే కాలు తగిలేలా తయారవుతుంది. చిరిగిన ముక్క కాయల్లో కలిస్తే అది ఇంకో తలనొప్పి. ఇలాంటి చోట ఎపాక్సీ పెయింట్ లేదా నేల వేసేటప్పుడే పసుపు టైల్స్ పరిచేయడం మేలు. కుప్పం ప్రాంతంలోని గ్రానైట్ కోత, పాలిష్ యూనిట్లలో సంగతి ఇంకోలా ఉంటుంది. రాయి బండి నడిచే పట్టాలు నేలకు కాస్త ఎత్తుగా ఉంటాయి, కోత నీళ్లతో కలిసిన రాతి పిండి బురద గంటలోపే అన్నిటినీ బూడిద రంగులోకి మార్చేస్తుంది. నేల మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా మధ్యాహ్నానికి కనపడదు. అక్కడ పట్టాల పక్కన స్తంభాలకు బోర్డు బిగించాలి, పట్టాలు దాటడానికి ఒకటి రెండు చోట్ల నేలను సమం చేసి ఆ దారినే నడవమనాలి.

ఇప్పుడు అసలైన సంగతి, బోర్డు ఎక్కడ పెట్టాలన్నది. అడ్డంకి పక్కనే పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. మామూలు నడకలో మనిషి సెకనుకు మీటరుకు పైనే ముందుకు పోతాడు. చూడాలి, అర్థం కావాలి, అడుగు సర్దుకోవాలి. దీనికి రెండు మూడు సెకన్లు కావాలనుకున్నా బోర్డు అడ్డంకికి మూడు నాలుగు మీటర్ల ముందు నుంచే చూపులో ఉండాలి. అలాగని పది మీటర్ల ముందు పెడితే అక్కడికి చేరేలోపు మర్చిపోతారు. మలుపు తర్వాత వెంటనే మెట్టు ఉంటే బోర్డు మలుపుకు ముందే ఉండాలి. తలుపు దాటగానే గడప ఉంటే బోర్డు తలుపు రెక్క మీద పెట్టకూడదు, తెరిచినప్పుడు అది గోడవైపు తిరిగిపోతుంది. రెండు వైపుల నుంచీ జనం నడిచే దారికి రెండు వైపులా బోర్డు ఉండాలి. ఎక్కేటప్పుడు కనిపించే మెట్టు దిగేటప్పుడు కనపడదు కాబట్టి, ఒక్క బోర్డే పెట్టగలిగితే దిగే వైపు పెట్టడం మంచిది.

ఎత్తు గురించి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు సుమారు నాలుగున్నర నుంచి ఐదు అడుగులు. నడిచేటప్పుడు చూపు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. ఏడడుగుల పైన తలుపు నెత్తిన పెట్టిన బోర్డు ఖాళీ చేతులతో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌కు కనపడుతుంది గానీ, పనిచేసే మనిషికి కనపడదు. అయితే కంటి ఎత్తు అన్నది అందరికీ ఒకటి కాదు. తలమీద బుట్ట పెట్టుకున్న ఆడమనిషి మెడ దించలేదు, నేల వైపు చూడలేదు. ఆమెకు ఎదురుగా కంటి ఎత్తులో ఉన్న బోర్డే దిక్కు. నాలుగు వరసల క్రేట్లున్న ట్రాలీ తోసే కుర్రాడికి ఎదురుగా ఏదీ కనపడదు, పక్క గోడలు మాత్రం కనపడతాయి. దగ్గర చూపు, దూరపు చూపు కలిపిన కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దవాళ్లకు కింది భాగంలోంచి నేల మసకగా ఉంటుంది. ఎవరు, ఏం మోస్తూ, ఎటు నుంచి ఎటు నడుస్తారో చూసుకోకుండా కొలత పుస్తకాన్ని బట్టి బోర్డు బిగిస్తే అది వాళ్లలో సగం మందికి పనికిరాదు.

వెలుతురు సంగతి ఇక్కడివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మే నెల ఎండలో యార్డ్‌లోంచి రేకుల షెడ్డులోకి అడుగుపెట్టినవాళ్లకు కాసేపు అంతా చీకటిగా ఉంటుంది. కన్ను సర్దుకోవడానికి సమయం పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే వాళ్లు షట్టర్ చానల్ దాటుతుంటారు. లోపలి గోడకు పెట్టిన బోర్డు వాళ్లకు లేనట్టే. ఎండ పడే వైపునే, ద్వారం పక్క స్తంభానికి, బోర్డు ఉండాలి. రాత్రి షిఫ్టులో దీనికి తలకిందులు. బోర్డు కంటే ముందు ఒక ఎల్ఈడీ లైటు గడప మీద పడేలా బిగిస్తే బోర్డు చేసే పనిలో ఎక్కువ భాగం అదే చేస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా జనం కదిలే చోట, ఉదాహరణకు మెట్ల దారిలో, చీకట్లో మెరిసే పట్టీలు అంచులకు అంటించాలి.

అన్నిటికంటే బాగా పనిచేసే హెచ్చరిక అడ్డంకి మీదే ఉండేది. తెలుగిళ్లలో గడపకు పసుపు రాసే ఆచారం భక్తితో వచ్చిందే అయినా, మసక వెలుతురులో గడప ఎక్కడుందో పాదానికి చెప్పే పని కూడా అది చేస్తుంది. పని చోట మెట్టు అంచుకు, దిమ్మె అంచుకు, పైపు మీదకు రంగు వేయడం కూడా అటువంటిదే. ఐతే ఉత్త పసుపు అన్ని చోట్లా కుదరదు. లేత రంగు మార్బుల్ మీద పసుపు గీత కలిసిపోతుంది. నల్ల గ్రానైట్ మీద బాగా కనిపిస్తుంది. పసుపు, నలుపు పట్టీలు ఏటవాలుగా పక్కపక్కన వేస్తే నేల ఏ రంగుదైనా సరే, రెండింటిలో ఒకటి విడిగా తేలుతుంది. రంగుల తేడా సరిగా పట్టలేని కళ్లున్నవాళ్లకు కూడా ఇది ఉపయోగం, ఎందుకంటే పసుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా మిగులుతుంది.

తిరుపతిలో ఒక మామూలు లాడ్జి రిసెప్షన్ తీసుకుందాం. ఇలాంటివి ఊళ్లో చాలా ఉన్నాయి. బయట మూడు మెట్లు ఎక్కి లోపలికి వస్తే మెరిసే లేత మార్బుల్ నేల. కౌంటర్ దాటి లిఫ్టు వైపు నాలుగడుగులు వేశాక నేల ఒక్కసారిగా ఐదంగుళాలు కిందికి దిగుతుంది. పాత కట్టడానికి కొత్త వింగ్ కలిపినప్పుడు మిగిలిపోయిన ఒంటి మెట్టు. పైన, కింద ఒకే మార్బుల్, ఒకే లైటు, అంచు దగ్గర నీడ కూడా పడదు. మూడు నాలుగు మెట్లుంటే మెట్లన్న సంగతి దూరం నుంచే తెలుస్తుంది, ఒక్కటే ఉంటే నేల సాగిపోతున్నట్టే ఉంటుంది. దాని పక్క గోడకు ‘వాచ్ యువర్ స్టెప్’ అని ఇంగ్లీషులో వేలెడంత ఇత్తడి పలక. అర్ధరాత్రి రైలు దిగి, చంకలో నిద్రపోతున్న పిల్లతో, చేతిలో బ్యాగుతో, కొండకు ఎన్ని గంటలకు బయల్దేరాలా అన్న టెన్షన్‌తో వచ్చే యాత్రికులు ఆ పలకను చదివే స్థితిలో ఉండరు. రూమ్ బాయ్‌కు ఆ మెట్టు కంఠతా వచ్చు. అతనికి కూడా, గడ్డం దాకా దుప్పట్లు పేర్చుకుని వచ్చిన రోజున, అంచు ఎక్కడ మొదలవుతుందో పాదంతో తడుముకోవాల్సి వస్తుంది.

ఇక్కడ చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. చోటుంటే మెట్టు తీసేసి వాలుగా ర్యాంప్ వేయడం మొదటి మాట. కుదరకపోతే మెట్టు అంచున రెండంగుళాల వెడల్పు ముదురు రంగు పట్టీ, జారకుండా గరుకుగా ఉండేది. మెట్టు పైకి సూటిగా పడే ఒక లైటు. రెండు చివరలా చేతికి అందేలా రైలింగ్, కంటికి కూడా అది ఆనవాలు. ఆ తర్వాతే బోర్డు, అదీ లిఫ్టు వైపు నడిచేవాళ్లకు ఎదురుగా, బొమ్మతో, తెలుగు, తమిళం, హిందీల్లో ఒక్కో మాటతో. లాడ్జిని అతిథుల చోటుగానే చూస్తాం గానీ, స్వీపర్లకు, రూమ్ బాయ్‌లకు, లగేజీ మోసేవాళ్లకు అదే ఫ్యాక్టరీ. రోజుకు పదుల సార్లు ఆ మెట్టు దిగేది వాళ్లే.

తాత్కాలిక అడ్డంకులకు వేరే పద్ధతి కావాలి. కల్యాణ మండపాల్లో పెళ్లి రోజు జనరేటర్ నుంచి స్టేజీ దాకా కేబుళ్లు, షామియానా తాళ్లు, మేకులు, వంటశాల నుంచి భోజనాల హాలుకు సాంబారు బకెట్లతో పరుగెత్తే వడ్డన కుర్రాళ్లు. ఇక్కడ గోడ బోర్డు వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఈ పెళ్లికి కేబుల్ పోయిన దారి వచ్చే పెళ్లికి మారుతుంది. కేబుల్‌ను గుమ్మం పైనుంచి కట్టాలి. కింద నుంచే పోవాలంటే మీద రబ్బరు ర్యాంప్ కవర్ వేయాలి, పసుపు నలుపు రంగుల్లో దొరుకుతుంది. తాళ్లకు కంటి ఎత్తులో ఒకటి, మోకాలి ఎత్తులో ఒకటి రంగు గుడ్డ ముక్క కట్టాలి. వేడి బకెట్లు నడిచే దారిలో మాత్రం కేబుల్ దాటడమే ఉండకూడదు. ఆ ఒక్క దారికి ఏ బోర్డూ సమాధానం కాదు.

బోర్డే అడ్డంకి అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. కాళ్లు చాచి నిలబడే స్టాండు బోర్డును సన్నటి దారి మధ్యలో పెడితే దాని కాళ్లకే తట్టుకుంటారు. దాన్ని గోడ వారన, అడ్డంకికి ముందు, నడిచే గీతలోకి రాకుండా పెట్టాలి. సన్నటి దారుల్లో స్టాండు కంటే గోడకు తగిలించే బోర్డు మంచిది.

బోర్డులు ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఆడిట్ ముందు రోజు హడావుడిగా కొని, షెడ్డులో ఖాళీ కనిపించిన ప్రతి గోడకూ అంటించేస్తారు. నెల తిరిగేసరికి అవి గోడ రంగులో కలిసిపోతాయి. ఏ అడ్డంకీ లేని చోట రోజూ కనిపించే హెచ్చరిక, నిజంగా అడ్డంకి ఉన్న చోట ఉన్న హెచ్చరికను కూడా నమ్మకుండా చేస్తుంది. బాగుచేసిన టైల్ పక్కన ఇంకా వేలాడుతున్న బోర్డు చేసే నష్టం అదే. అందుకే తాత్కాలిక బోర్డు ప్రతిదాని వెనకా మార్కర్‌తో మూడు వివరాలు రాయాలి: పెట్టిన తేదీ, బాగుచేయాల్సిన మనిషి, తీసేయాల్సిన తేదీ. ఆ తేదీ దాటి బోర్డు ఇంకా ఉందంటే పని జరగలేదని. అప్పుడు అడగాల్సింది బోర్డు గురించి కాదు, మేస్త్రీని ఎందుకు పిలవలేదని. వారానికోసారి సూపర్‌వైజర్ ఆ తేదీలు చూసుకుంటూ ఒక చుట్టు తిరిగితే బోర్డుల సంఖ్య దానంతటదే తగ్గుతుంది.

ఎక్కడ బోర్డు కావాలో తెలుసుకోవడానికి పడినవాళ్ల లెక్క ఒక్కటే చాలదు, అది ఆలస్యంగా వచ్చే లెక్క. తూలి, తమాయించుకుని, నవ్వేసి వెళ్లిపోయిన సందర్భాలు దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. వాటిని చెప్పడానికి జనం సిగ్గుపడతారు. ‘కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావ్’ అనే సూపర్‌వైజర్ ఉన్న చోట అసలు చెప్పరు. పనివాళ్లను నిందించకుండా, ఎక్కడ కాలు తగిలిందో షెడ్డు పటం మీద ఒక చుక్క పెట్టమంటే చాలు, పది పదిహేను రోజుల్లో చుక్కలు రెండు మూడు చోట్ల గుంపు కడతాయి. ఆ చోట్లను ముందు బాగుచేయాలి. మొదటి బోర్డులకు మేకులు కొట్టాల్సింది కూడా అక్కడే.

సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి పరీక్షించి చూడటం తప్పనిసరి. ఆ పరీక్ష పగటి పూట, ఖాళీ చేతులతో, మేనేజర్ చేస్తే ఉపయోగం తక్కువ. రాత్రి షిఫ్టు లైట్లు మాత్రమే వేసి, చేతుల్లో నిండు క్రేటు పెట్టి, ఆ షెడ్డుకు కొత్తగా వచ్చిన ఒక మనిషిని గేటు నుంచి కడిగే ట్యాంకు దాకా, అక్కడి నుంచి గుజ్జు తీసే యంత్రం దాకా నెమ్మదిగా నడవమనాలి. పక్కనే ఒకరు తోడు నడవాలి. దారిలో ఏ బోర్డు కనిపించిందో, ఎక్కడ అడుగు తడబడిందో ఆమెనే చెప్పమనాలి. ఆమె చూడని బోర్డును ఆ రాత్రే ఊడదీసి, ఆమె చూపు పడిన చోట బిగించాలి.